.223, 5.56 ఒకటి కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, సరదాగా షూటింగ్ చేసేవాళ్ల కోసం రైఫిల్ క్యాలిబర్లను, అంటే తూటా సైజులను, పోలుస్తూ వచ్చిన వ్యాసం చదివాను. తెలుగులో ఈ విషయం మీద రాసేవాళ్లే తక్కువ కనుక మొదట సంతోషం కలిగింది. మూడో పేరాకు వచ్చేసరికి అది కాస్తా పోయింది. ".223 రెమింగ్టన్, 5.56 నాటో ఒకే తూటాకు రెండు పేర్లు, ఏది దొరికితే అది వాడుకోవచ్చు" అని అక్కడ అచ్చయింది. వ్యాసంలో నేను ఒప్పుకోని విషయాలు ఇంకా ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను. ఈ వాక్యాన్ని మాత్రం వచ్చే సంచికలోనే సవరించండి. దీన్ని నమ్మి ఎవరైనా ట్రిగ్గర్ నొక్కితే దెబ్బ తగిలేది వాళ్ల ముఖానికి.

నేను లేత్ మీద పనిచేసి రిటైరైన మనిషిని. ఇప్పుడు ఒక రైఫిల్ క్లబ్బులో రేంజ్ ఆఫీసర్‌గా ఉంటున్నాను. కొత్తవాళ్లకు రైఫిల్ పట్టుకోవడం నేర్పేదీ, ఎవరు ఏ రైఫిల్లో ఏ తూటా పెడుతున్నారో చూసేదీ నేనే. అంగుళంలో వెయ్యో వంతు తేడా వస్తే జాబ్ పక్కన పడేసే అలవాటు ఇంకా పోలేదు. "దాదాపు ఒకటే" అని ఎవరైనా అంటే నా చెవికి "వేరు" అనే వినిపిస్తుంది.

ఆ రెండు తూటాలనూ పక్కపక్కన నిలబెడితే నాక్కూడా తేడా కనిపించదు. వెర్నియర్ పెట్టి కొలిచినా బుల్లెట్‌ను, మందును పట్టుకుని ఉండే ఇత్తడి కేస్ బయటి కొలతలు కలిసిపోతాయి. అసలు తేడా అవి కూర్చునే ఛాంబర్‌లో ఉంది. కేస్ మూతి దాటాక, బ్యారెల్ గాడులు మొదలయ్యేలోపు కొంచెం ఖాళీ ఉంటుంది. బుల్లెట్ కేస్‌ను వదిలి గాడుల్లోకి ఎక్కేముందు పోయే దూరం అది. 5.56 ఛాంబర్‌లో ఆ ఖాళీ ఎక్కువ, .223 ఛాంబర్‌లో తక్కువ. ఎక్కువ ఖాళీని లెక్కలో పెట్టుకుని తయారుచేసిన 5.56 తూటాను తక్కువ ఖాళీ ఉన్న .223 రైఫిల్లో పేలిస్తే, బుల్లెట్ ఊపందుకోకముందే గాడులు అడ్డం వస్తాయి. వెనక మండుతున్న మందు పీడనం ఎగబాకుతుంది. మందును అంటించే ప్రైమర్ ఊడిపోవడం, కేస్ ఇరుక్కుపోవడం మొదలుకొని ఛాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్టు దెబ్బతినడం దాకా ఏమైనా జరగొచ్చు. అమెరికాలో తూటాల ప్రమాణాలు చూసే సామీ సంస్థ, కలపకూడని జతల జాబితాలో .223 రైఫిల్‌ను, 5.56 సైనిక తూటాను కలిపి రాసింది. దీనికి తలకిందులుగా చేస్తే, అంటే 5.56 ఛాంబర్‌లో .223 తూటా పేలిస్తే, ప్రమాదం లేదు. గురి కొంచెం తగ్గితే తగ్గొచ్చు. రెండు తూటాలకూ పనికొచ్చేలా .223 వైల్డ్ అని మరో ఛాంబర్ ఉంది, దాన్ని రూపొందించిన బిల్ వైల్డ్ పేరు మీద.

మీ వ్యాసకర్త పీడనాల అంకెలు కూడా ఇచ్చారు. .223కి 55,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 5.56కి 62,000 అన్నారు. అంకెలు తప్పు కావు గానీ, వాటిని పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయకూడదు. సామీ పద్ధతిలో పీడనం కొలిచేది కేస్ ఒంటి మీద, నాటో పద్ధతిలో కేస్ మూతి దగ్గర. రెండు వేర్వేరు చోట్ల తీసిన కొలతలు చూపించి "తేడా ఇంతే కదా" అంటే వర్క్‌షాపులో మా ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదు.

ఇంతకన్నా చెడ్డ జత ఒకటి ఉంది, వ్యాసంలో దాని ఊసే లేదు. .300 బ్లాకౌట్ అనే తూటా కేస్‌ను .223 కేస్ నుంచే, పొడవు తగ్గించి తయారుచేశారు. తూటాలు నింపే అదే మ్యాగజైన్‌లో కూర్చుంటుంది, అదే బోల్టు పట్టుకుంటుంది. దాని బుల్లెట్ వ్యాసం మాత్రం .308 అంగుళాలు. పొరపాటున .223 రైఫిల్లోకి వెళ్తే, కొన్నిసార్లు బుల్లెట్ కేస్‌లోకి వెనక్కి నొక్కుకుని బోల్టు మూసుకుపోతుంది కూడా. అప్పుడు ట్రిగ్గర్ నొక్కితే .224 బ్యారెల్లోంచి .308 బుల్లెట్ దూరాలి. రైఫిల్ పగిలిపోతుంది. రెండు రకాలూ ఉన్నవాళ్లు మ్యాగజైన్లకు రంగు టేపులు చుట్టుకోవడం నేను మెచ్చుకునే చాదస్తం. మా లైన్ మీద ఒకే బెంచీపై ఆ రెండూ ఉండటానికి నేను ఒప్పుకోను. ఎంత పాత సభ్యుడైనా సరే, ఒకటి బ్యాగులోకి వెళ్లాకే రెండోది బయటికి రావాలి.

ఇక పట్టిక. అర పేజీ ఆక్రమించిన ఆ పట్టికలో క్యాలిబర్లను జూల్స్ లెక్కన, అంటే శక్తి లెక్కన, పైనుంచి కిందికి పేర్చారు. .30-06 పైన, .308 దాని కింద, ఆ తర్వాత 6.5 క్రీడ్‌మూర్, .223, అట్టడుగున .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్). అంకెల మీద నాకు పేచీ లేదు. 40 గ్రెయిన్ల (బుల్లెట్ బరువును కొలిచేది గ్రెయిన్లలోనే) .22 బుల్లెట్ సెకనుకు 330 మీటర్ల వేగంతో బయల్దేరితే 140 జూల్స్ వస్తాయి. 55 గ్రెయిన్ల .223 సుమారు 990 మీటర్ల వేగంతో వెళ్తుంది కాబట్టి 1,700 జూల్స్ దాటుతుంది. 168 గ్రెయిన్ల .308 దాదాపు 3,550 జూల్స్. అయితే కాగితం మీద గుండ్రటి గీతల మధ్య కాల్చేవాడికి ఈ వరస దేనికి? కాగితానికి చిల్లు పడటానికి 140 జూల్స్ అవసరానికి మించే ఉన్నాయి. ఇది వాచీలను తూకం వేసి కొన్నట్టు ఉంది. వేటకు ఆ పట్టిక కొంతవరకు పనికొస్తుంది. శీర్షికలో మాత్రం "సరదా షూటర్ల కోసం" అని పెట్టారు.

క్యాలిబర్ అంకె చూసి బుల్లెట్ సైజు ఊహించమని కూడా వ్యాసంలో సలహా ఇచ్చారు. ఊహించకండి. నా మైక్రోమీటర్ చెప్పేది ఇది: .222, .223, .22-250, .220 స్విఫ్ట్, ఈ నాలుగు తూటాల్లోనూ బుల్లెట్ వ్యాసం ఒక్కటే, .224 అంగుళాలు. .270 వించెస్టర్ బుల్లెట్ .277. పాత .303 బ్రిటిష్‌ది .311 పైచిలుకు, అంటే .308 కన్నా లావు. .30-06లో 06 అనేది 1906వ సంవత్సరం. దాని బుల్లెట్ కూడా .308 అంగుళాలదే. 7.62 మిల్లీమీటర్లు అని పిలిచే నాటో తూటా బుల్లెట్‌ను కొలిస్తే 7.82 వస్తుంది. 7.62 అనేది గాడుల మధ్య గట్ల దగ్గర బ్యారెల్ రంధ్రం కొలత. ఒక్కో కంపెనీ ఒక్కో కాలంలో ఒక్కో లెక్కన పేర్లు పెట్టింది. వాటిలో క్రమం వెతకడం వృథా. బ్యారెల్ మీద చెక్కిన పేరు మొత్తం చదవాలి, తూటా అడుగున ముద్ర మొత్తం చదవాలి, రెండూ అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

.22 ఎల్ఆర్‌ను మీ వ్యాసకర్త "పిల్లల తూటా" అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఉత్తరం ఇంత పొడవు కావడానికి సగం కారణం ఆ మాటే.

1887లో పుట్టిన తూటా ఇది. అంచులోనే ప్రైమర్ మందు ఉండే రిమ్‌ఫైర్ రకం. ఫైరింగ్ పిన్ అంచును నలిపితే అది అంటుకుంటుంది. నలగాలంటే ఆ ఇత్తడి పల్చగా ఉండాలి, పల్చగా ఉంటే ఎక్కువ పీడనానికి తట్టుకోదు. అందుకే దీని పరిమితి 24,000 పీఎస్ఐ దగ్గరే ఆగిపోయింది, .308కి అది 62,000. బలహీనత అనుకున్న ఈ లక్షణం వల్లే బ్యారెల్ అరుగుదల లేదనేంత తక్కువ, భుజానికి నొప్పి లేదు, శబ్దం తక్కువ, తూటా చవక. పేల్చిన కేస్‌ను మళ్లీ నింపుకోవడం కుదరదు, అదొక్కటే లోటు.

ఒలింపిక్స్‌లో 50 మీటర్ల రైఫిల్ పోటీ ఇప్పటికీ ఈ తూటాతోనే జరుగుతోంది. టార్గెట్‌లో పది పాయింట్ల వృత్తం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. దశాంశాల్లో లెక్కించేటప్పుడు 10.1కీ 10.2కీ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్. యాభై మీటర్ల అవతల మిల్లీమీటర్ కన్నా చిన్న తేడాతో పతకాలు చేతులు మారుతున్నాయి. ఆ పోటీలకు వచ్చేవాళ్లు పిల్లలు కారు.

గాలి నేర్పడంలో దీన్ని మించిన గురువు నాకు కనిపించలేదు. పక్కనుంచి సెకనుకు ఒక్క మీటరు వేగంతో గాలి వీచినా, అంటే చెంపకు తెలిసీ తెలియనంత గాలి, 50 మీటర్ల దగ్గర .22 బుల్లెట్ సుమారు 7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. నాలుగైదు మీటర్ల గాలైతే మూడు సెంటీమీటర్లు. రేంజ్‌లో నాటిన గాలి జెండాలు ఎందుకున్నాయో పెద్ద రైఫిళ్ల వాళ్లకు వంద మీటర్ల దగ్గర అర్థం కాదు, .22 వాళ్లకు మొదటి పెట్టె అయ్యేలోపే అర్థమవుతుంది. దాన్నే 200 గజాలకు తీసుకెళ్లండి. అక్కడ దాని మీద గాలి చూపించే ప్రభావం, .308 మీద 400 గజాల దగ్గర చూపించే ప్రభావానికి ఇంచుమించు సమానం. పొడవైన రేంజ్ అందుబాటులో లేనివాళ్లు దూరపు షూటింగ్ ఇలా నేర్చుకుంటున్నారు.

.22లోనే "హై వెలాసిటీ" రకం కొనమని వ్యాసంలో రాశారు. ఎక్కువ వేగం కాబట్టి గాలికి తక్కువ కదులుతుందని కారణం చెప్పారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ధ్వని వేగం సెకనుకు దాదాపు 340 మీటర్లు. హై వెలాసిటీ బుల్లెట్ దానికన్నా వేగంగా బయల్దేరి, టార్గెట్ చేరేలోపే ఆ వేగం కిందికి జారుతుంది. ధ్వని వేగం చుట్టుపక్కల గాలి నిరోధం బాగా పెరుగుతుంది. గాలి బుల్లెట్‌ను పక్కకు ఎంత తోస్తుందన్నది ప్రయాణ సమయం ఒక్కదాన్నే బట్టి ఉండదు. నిరోధం వల్ల ప్రయాణం ఎంత ఆలస్యమైందన్నదే ముఖ్యం. అందుకే మొదటి నుంచీ ధ్వని వేగం కిందనే ఉండే స్టాండర్డ్ రకం, వంద గజాల దగ్గర పక్కగాలికి తక్కువ కదులుతుంది. పోటీ తూటాలన్నీ ఆ తక్కువ వేగంలోనే ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసి ఉంటుంది. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ బోల్టు సరిగా తిరగడానికి హై వెలాసిటీ కావాల్సి వస్తే అది వేరే సంగతి.

ఇంకో మాట లాట్ గురించి, అంటే ఒకే విడతలో తయారైన తూటాల గురించి. ఈలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్, ఎవరి పెట్టె తీసుకున్నా దాని మీద లాట్ నంబర్ ఉంటుంది. పేరు అదే, ధర అదే, లాట్ మారితే మీ రైఫిల్లో గ్రూపు, అంటే వరస షాట్ల చిల్లులు పరుచుకునే వెడల్పు, మారిపోవచ్చు. పెద్ద పోటీల షూటర్లు తమ బ్యారెల్‌ను కంపెనీ టెస్ట్ రేంజ్‌కు పట్టుకెళ్లి, వరసగా లాట్లు పేల్చి చూసి, నచ్చిన లాట్‌ను ఒకేసారి కొనుక్కుంటారు. హాబీ షూటర్‌కు అంత అక్కర్లేదు. రెండు మూడు రకాలు తెచ్చి, ఒక్కోదాంతో పది షాట్ల గ్రూపులు కాల్చి చూసుకుంటే చాలు. ఖరీదైనదే గెలుస్తుందని ముందే అనుకోవద్దు.

మూడు షాట్ల గ్రూపు చూపించి "ఇది అర అంగుళం రైఫిల్" అనేవాళ్లతో నాకు రోజూ పనే. ఒకే రైఫిల్, ఒకే తూటా, ఒకే మనిషి అయినా పది షాట్ల గ్రూపు సగటున మూడు షాట్ల గ్రూపు కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వెడల్పు ఉంటుంది. అది లెక్కల స్వభావం, రైఫిల్ తప్పు కాదు. మీ వ్యాసంలోని గ్రూపుల పోలికలో ఎన్ని షాట్లో రాయలేదు. అది రాయకపోతే ఆ అంకెలకు విలువ లేదు.

ఇప్పుడు రికాయిల్, అంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నడం. వ్యాసంలో ఇది "అలవాటైపోతుంది" అన్న మాటతో ముగిసింది. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌కు, అంటే 3.6 కిలోలకు, నేను లెక్క వేసి చూశాను. బుల్లెట్ బరువు, వేగంతోపాటు బ్యారెల్ మూతి నుంచి దూసుకొచ్చే వాయువు కూడా రైఫిల్‌ను వెనక్కి నెడుతుంది, దాన్నీ కలిపాను. .22 ఎల్ఆర్ రికాయిల్ జూల్‌లో చిన్న భాగం. .223 సుమారు 5 జూల్స్. 6.5 క్రీడ్‌మూర్ 18 దాకా. .308 దాదాపు 23. అంటే .223 నుంచి .308కి వెళ్తే భుజం మీద పడేది నాలుగు రెట్లకు మించి.

భుజం నొప్పిని ఎవరైనా ఓర్చుకుంటారు. సమస్య కంటిది, వేలిది. పేలబోతోందని శరీరానికి తెలిసిన క్షణంలోనే కళ్లు మూసుకుంటాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు ట్రిగ్గర్‌ను గుంజుతుంది. మనిషికి తెలియకుండా జరుగుతుంది ఇదంతా. పరీక్ష చాలా తేలిక. మ్యాగజైన్‌లో అసలు తూటాల మధ్య ఒకటి రెండు డమ్మీ రౌండ్లు, ఎక్కడున్నాయో వాళ్లకు తెలియకుండా, పక్కవాళ్లు పెట్టాలి. డమ్మీ వంతు వచ్చినప్పుడు రైఫిల్ పేలదు, అయినా మూతి కిందికి గుచ్చుకుంటుంది. .308తో షూటింగ్ మొదలుపెట్టి "స్కోప్ బాగోలేదు" అని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది స్కోప్‌లు సుబ్బరంగా ఉంటాయి. వాళ్ల చేతికి .22 ఇచ్చి పంపిస్తాను. కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

.22 తర్వాత మెట్టు ఏదని అడిగితే నేను .223 అంటాను. 1964లో మార్కెట్‌లోకి వచ్చింది, రికాయిల్ తక్కువ, మూడు వందల మీటర్ల దాకా చక్కగా పనిచేస్తుంది. ఇక్కడ కొనేముందు చూడాల్సింది బ్యారెల్ ట్విస్ట్. గాడులు ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయన్న కొలత అది. పొడవైన బుల్లెట్‌కు ఎక్కువ తిప్పుడు కావాలి. 55 గ్రెయిన్ల బుల్లెట్‌కు 12 అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుంది. 77 గ్రెయిన్లకు 8 గానీ 7 గానీ కావాలి. అమెరికా సైన్యం తొలి ఎం16 రైఫిళ్లలో 14 అంగుళాలకు ఒక చుట్టు పెట్టారు. గడ్డకట్టే చలిలో గాలి చిక్కబడి బుల్లెట్లు తూలుతున్నాయని తెలిశాక 12కి మార్చారు. కాబట్టి "ఏ గ్రెయిన్లు మంచివి" అన్న ప్రశ్నకు జవాబు మీ బ్యారెల్ మీదే రాసి ఉంటుంది. టార్గెట్‌లో చిల్లులు గుండ్రంగా కాక కోలగా పడుతుంటే బుల్లెట్ తూలుతోందని అర్థం.

.308, 6.5 క్రీడ్‌మూర్ గొడవ దగ్గర మీ వ్యాసకర్త .308 పక్షం వహించారు, కారణం మళ్లీ జూల్సే. దూరంగా కాల్చేవాళ్లకు జూల్స్ కన్నా బుల్లెట్ గాలిని ఎంత సులువుగా చీలుస్తుందన్నది ముఖ్యం. దాన్ని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అంటారు. 168 గ్రెయిన్ల .308 మ్యాచ్ బుల్లెట్‌కు ఆ అంకె 0.46 దగ్గర ఉంటే, 140 గ్రెయిన్ల 6.5 మ్యాచ్ బుల్లెట్‌కు 0.64 దగ్గర ఉంది. సన్నగా, పొడవుగా ఉండటమే కారణం. వెయ్యి గజాల దగ్గర పక్కగాలికి 6.5 జరిగేది .308 జరిగేదాంట్లో మూడింట రెండొంతులు, ఇంచుమించుగా. పైగా రికాయిల్ తక్కువ. ఆ 168 గ్రెయిన్ల బుల్లెట్‌కు ఇంకో జబ్బు ఉంది. తొమ్మిది వందల గజాలు దాటేసరికి ధ్వని వేగం దగ్గరికి దిగి, అక్కడ నిలకడ తప్పుతుంది. ఆరు వందల గజాల వరకు దానంత నమ్మకమైనది లేదంటారు, వెయ్యికి మాత్రం 175 గ్రెయిన్లు వాడుకోవడం మేలు.

అయితే 6.5 వాళ్లు చెప్పని సంగతి బ్యారెల్. సన్నని రంధ్రంలోంచి అంతే మందు మండుతూ పోతుంది కాబట్టి ఛాంబర్ ముందు భాగం త్వరగా కాలిపోతుంది. మంచి గురి కావాలనుకుంటే రెండు మూడు వేల రౌండ్లకే కొత్త బ్యారెల్ ఆలోచన వస్తుంది. .308 బ్యారెల్ ఐదు వేలకు పైగా లాగుతుంది. వారం వారం కాల్చే మనిషికి ఇది చిన్న ఖర్చు కాదు. పోటీల సంగతి కూడా చూసుకోవాలి. దూరపు టార్గెట్ల పోటీ అయిన ఎఫ్-క్లాస్‌లో ఎఫ్-టీఆర్ విభాగానికి .223, .308 తప్ప మూడోదానికి ప్రవేశం లేదు. ఆ పోటీకి వెళ్దామనుకునేవాళ్లు క్రీడ్‌మూర్ కొంటే వేరే విభాగంలో దిగాల్సి వస్తుంది. నన్నడిగితే, మీ రేంజ్ మూడు వందల మీటర్లతో ఆగిపోతే ఈ రెండింటి గొడవలోకే వెళ్లకండి, .223 చాలు. ఆరు వందలు దాటే రేంజ్ ఉండి, పోటీ ఆలోచన లేకపోతే 6.5. మిగతా అందరికీ .308.

.30-06 మంచి తూటా. కాగితం మీద కాల్చడానికి .308 కన్నా అది అదనంగా ఇచ్చేది రికాయిల్ మాత్రమే. .303, 7.62×54ఆర్ లాంటి పాత సైనిక రైఫిళ్ల మీద మోజు నాకూ ఉంది, వాటి చెక్క వాసన వేరు. కాకపోతే పాత సైనిక నిల్వల తూటాల్లో కొన్నింటి ప్రైమర్లు పేలాక బ్యారెల్లో ఒక రకం ఉప్పు మిగులుస్తాయి. అది గాలిలో తేమను పీల్చుకుని రాత్రికి రాత్రే తుప్పు పట్టిస్తుంది. ఉప్పు నూనెలో కరగదు. ముందు వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె రాయాలి. అలాగే చవక తూటాలు కొనేటప్పుడు జేబులో అయస్కాంతం పెట్టుకెళ్లండి. బుల్లెట్‌కు అతుక్కుంటే లోపల గానీ తొడుగులో గానీ ఉక్కు ఉన్నట్టు. స్టీలు టార్గెట్లు పాడవుతాయని, నిప్పురవ్వలు లేస్తాయని చాలా రేంజ్‌లలో దాన్ని రానివ్వరు.

"చిన్న తూటా కాబట్టి .22కు వెనక గోడ లేకపోయినా ఫర్వాలేదు" అని చదువరుల ప్రశ్నకు ఇచ్చిన జవాబులో ఉంది. అది కూడా తీసేయండి. .22 ఎల్ఆర్ బుల్లెట్ తగిన కోణంలో పైకి వెళ్తే రెండు కిలోమీటర్ల దాకా పోగలదని పెట్టెల మీదే హెచ్చరిక అచ్చు వేస్తారు. .308 దానికి రెట్టింపు పోతుంది. వెనక మట్టి కట్ట లేని చోట ఏ క్యాలిబర్ అయినా ఒకటే.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే ఏం చేయాలో వ్యాసంలో లేదు, చోటు చాల్లేదేమో. మూతి టార్గెట్ వైపే ఉంచి అర నిమిషమైనా ఆగాలి, కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. పేలిన శబ్దం మామూలు కన్నా నీరసంగా వస్తే ఇంకో షాట్ కాల్చకూడదు. బుల్లెట్ బ్యారెల్లోనే ఇరుక్కుని ఉండొచ్చు. బోల్టు తీసి, తూటాలు ఖాళీ చేసి, వెనక నుంచి వెలుతురు చూడాలి. .22 తూటాల్లో ఇది అరుదుగానైనా జరుగుతూనే ఉంటుంది.

చివరగా వ్యాసం పక్కన వేసిన ఫోటో. కుర్రాడు కెమెరా వైపు చూసి నవ్వుతున్నాడు, వేలు ట్రిగ్గర్ మీద ఉంది, చెవులకు ఏమీ లేదు, కళ్లకు అద్దాలు లేవు. హఠాత్తుగా వచ్చే శబ్దం 140 డెసిబెల్స్ దాటితే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉందంటారు. ప్రైమర్ తూటా అడుగున మధ్యలో ఉండే సెంటర్‌ఫైర్ రైఫిళ్లు మామూలుగానే 150 దాటుతాయి, మూతికి రికాయిల్ తగ్గించే మజిల్ బ్రేక్ బిగిస్తే పక్కవాడికి ఇంకా ఎక్కువ. పోయిన వినికిడి తిరిగి రాదు, మా తరం రేంజ్ ఆఫీసర్లతో ఫోన్లో మాట్లాడితే మీకే తెలుస్తుంది. రెండో భాగం ఉందని రాశారు కదా, దానికి ఫోటో తీయించేటప్పుడు కుర్రాడికి ఇయర్ మఫ్స్, అద్దాలు పెట్టించండి. వేలు ట్రిగ్గర్ గార్డ్ బయట ఉండేలా చూడండి. బోల్టు తెరిచి ఉండాలి.

ఇట్లు,
ఒక రేంజ్ ఆఫీసర్